ఇంటిచదువునకు పుస్తకముల ఏర్పాటు

(గ్రంథాలయ వారోత్సవ సందర్భమున పట్టణ పఠనమందిరములో ఒక న్యాయవాది చేసిన ప్రసంగపాఠము)



ఈ పఠనమందిరమునకు దినదినము వచ్చువారు చాలవరకు వార్తాపత్రికలకొరకు వచ్చు పెద్దలు. ఈ సాయంకాలము వెనుకబల్లలమీద తల్లులును, వారి ప్రక్కన పిల్లలును కూర్చుండి యుండుట చూచి మిక్కిలి సంతోషించుచున్నాను. కార్యదర్శిగారు నన్ను మాటలాడుమనిన విషయము వారిదే. పిల్లలను బడికి పంపక ఇంటనే చదివించు కుటుంబములు నేడు మన పట్టణములలో కొన్ని కలవు. ఇంగ్లీషున దానిని హోంస్కూలింగు అందురు, మనము ఇంటిచదువందము. అట్టి ఇండ్లలో పిల్లలు చదువవలసిన కథలను, కావ్యములను, మంచి వచనమును ఏ విధముగ ఎంచవలెను, ఏ క్రమమున అందింపవలెను? ఇదియే ప్రశ్న.

మొదట చట్టముమాట చెప్పి వేసెదను. వకీలు లేచి నిలిచినపుడు అది చెప్పనిది సభ ఊరకుండదు. 2002 నాటి 86వ రాజ్యాంగసవరణచే 6 మొదలు 14 ఏండ్లవరకు గల పిల్లలకు విద్య ప్రాథమికహక్కయ్యెను. ఆ వయసు బిడ్డకు చదువుకొను అవకాశము కల్పించుట తలిదండ్రుల కర్తవ్యమనియు ఆ సవరణయే చెప్పినది. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కుచట్టము 10వ విభాగమున బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించుట తలిదండ్రుల విధియని కలదు. ఇంటిచదువును ఆ చట్టము పేరెత్తి అంగీకరింపలేదు. చేర్పింపని తలిదండ్రులకు శిక్షను విధింపనూలేదు. 14 ఏండ్లు నిండిన పిమ్మట జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారి సెకండరీ పరీక్షకు పోవచ్చును. దానిని తెలుగునను వ్రాయవచ్చును. ఇంతకుమించిన సందేహము గలవారు ఆదివారము ఉదయము మా ఇంటికి రావచ్చును. ఫీజు లేదు.

ఇక అసలు విషయము. బడిలోని తెలుగువాచకము ఎంత నీరసమైనదైనను పిల్లవాని సంచిలో ఉండును. పరీక్ష అను బెత్తము వానిచే దానిని తెరపించును. ఇంటిచదువున ఆ బెత్తము లేదు. అది లేకుండుటయే దాని గొప్ప. కాని దానివలననే ఒక అపాయమును కలదు. ఇంటిచదువును చేపట్టు తలిదండ్రులు విద్యావంతులు, శ్రద్ధగలవారు. వారు మొట్టమొదట వెదకునది పుస్తకముల పట్టిక. అమెరికానుండియు ఇంగ్లాండునుండియు సంవత్సరమునకు సంవత్సరము, వారమునకు వారము విడదీసిన పట్టికలు వారికి సులభముగ దొరకును. నేను వానిని చూచితిని. మంచి పట్టికలే, నిందింపదగినవి కావు. వానిని నమ్మి నాలుగేండ్లు నడిచిన ఇంట తెలుగు ఏ మూలను చేరినదని మాత్రము అడుగవలసియున్నది.

మా వీధిమలుపున ఒక కుటుంబము కలదు. తండ్రి విద్యుత్తుశాఖలో ఉద్యోగి. తల్లి రసాయనశాస్త్రమున పట్టభద్రురాలు. తొమ్మిదేండ్ల బాలిక, ఆరేండ్ల బాలుడు, నాయనమ్మ. ఆ బాలిక మూడువందల పుటల ఇంగ్లీషు నవలను రెండుదినములలో ముగింపగలదు. ఒకనాడు రైతుబజారున ధరలపలకవద్ద ‘కొత్తిమీర’ అను మాట చదువలేక నిలిచిపోయెను. తకారము క్రింద ఒత్తును చూచి ఆమె తల్లిముఖము చూచెను. ఆ బిడ్డ ఇంట మాటలాడునది తెలుగే; నాయనమ్మతో పోట్లాడునదియు తెలుగే. అక్షరమాత్రము పరాయిదైనది. ఆ తల్లి ఇంటికి వచ్చి పట్టికను మొదటినుండి తిరుగవ్రాసెను. ఆమె చేసినదానిని చూచియు, నా ఎరుకలోని మరి రెండుమూడిండ్లను చూచియు నేనీ మాటలు చెప్పుచున్నాను.

పుస్తకముల ఏర్పాటనగా అలమార నింపుట యని చాలమంది తలంపు. అది అట్లు కాదు. ఒక లెక్క వేసి చూతము. దినమునకు ఇరువది నిమిషములు పెద్దవారొకరు తొందరలేక పైకి చదివినచో ఆరుపుటలు సాగును. వారమునకు అయిదుదినములు, పండ్రెండు వారములు: 60 దినములకు 360 పుటలు. సంవత్సరమున ఇట్టి భాగములు మూడు పెట్టుకొన్నను వేయిపుటలు దాటును. పండుగలకు, జ్వరములకు, చుట్టములరాకకు పదునారు వారములు మిగులును. కావున ఏబది పుస్తకముల జాబితాతో అవసరములేదు. ఒక్కొక్క భాగమునకు వినుటకు పెద్దపుస్తకమొకటి, బిడ్డ తాను చదువుకొనుటకు చిన్నవి మూడు నాలుగు, ఎవ్వరును అడుగని, లెక్కచూడని స్వేచ్ఛాపుస్తకములకు ఒక అర. ఆ తల్లి నోటుపుస్తకమున ఉన్నది ఇంతే.

వినుట మొదట, చదువుట తరువాత. ఇది మనకు కొత్త కాదు. రాత్రి భోజనములైన పిమ్మట ఊరి అరుగుమీద పురాణము చదువుచుండగా అక్షరముఖమెరుగని వారు భారతమంతయు నేర్చికొనిరి. కర్ణుని చావునాడు వారు కంటతడి పెట్టినది చదివి కాదు, విని. ఇంగ్లాండున షార్లెట్ మేసన్ అను విద్యావేత్త (1842–1923) ఇంటివిద్యనుగూర్చి 1886లో గ్రంథము ప్రకటించెను. నేటి ఇంటిచదువు పట్టికలలో అనేకము ఆమె ఆలోచననుండి పుట్టినవే. పాఠము పొట్టిగా నుండవలెను. ముక్కలుచేసిన వాచకము గాక రచయిత మనసుపెట్టి వ్రాసిన పూర్తిపుస్తకము పెట్టవలెను. ఒక్కమారు చదివి బిడ్డచేతనే దానిని తిరిగి చెప్పింపవలెను: ఇవి ఆమె పద్ధతులు. పట్టికను ఆమెవద్దనుండి తెచ్చుకొను మనవారు ఆ పద్ధతిని తెలుగున వాడరేల? పుస్తకము మూసినవెంటనే ‘నాయకుని పేరేమి, నీతి యేమి, పర్యాయపదమేమి’ యని వరుసగ ప్రశ్నించుట బోనులోని సాక్షికి తగును. అడ్డుప్రశ్నలు వేయుట నా వృత్తి. దాని ఫలితము నాకు తెలియును: సాక్షి చెప్పదలచినదానిని మరచి, మనము వినదలచినదానిని వెదకును. ‘అటుపిమ్మట ఏమైనదమ్మా?’ అని ఊరకున్న చాలును. ఆరేండ్ల బాలుడు చెప్పునది ముందు అతుకులబొంతగ నుండును. మూడుమాసములకు ‘అంతట’, ‘అంతలో’, ‘ఐనా కూడా’ అను మాటలు వాని నోటికి తమంతట తాము వచ్చును. వ్యాకరణము అక్కడ పుట్టుచున్నది.

వినిపించుటకు ఏ పుస్తకము? నాలుగైదేండ్లవారికి పుస్తకముకంటె నాయనమ్మ మేలు. పొడుపుకథలు, లాలిపాటలు, చెమ్మచెక్కలు, ఏడుచేపల కథ ఇవి అచ్చుపుస్తకమున చూపుటకు ముందు చెవిని పడవలెను. అరువదేండ్లు దాటినవారున్న ఇంట ఆ కథలను ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుట మంచిది. బిడ్డ మొదటి తెలుగుపుస్తకము అదియే కావచ్చును. తొమ్మిది పదేండ్లవారికి మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీ కథలు పండ్రెండు భాగములు కలవు. మణిసిద్ధుడు కాశికి నడచుచు మజిలీకొక కథ గోపునకు చెప్పును; రాత్రికొక మజిలీగా ఇంట చెప్పుటకు ఇంతకంటె అనుకూలమైన కట్టుబాటు ఏ పుస్తకమున గలదు? ఐతే ఆ కథలలో పిల్లలకు తగని భాగములు కలవు, భాషయు గ్రాంథికము. తండ్రి ముందురాత్రి చదివికొని, ఎంచికొని, మరునాడు తనమాటలలో చెప్పవలెను. సోమరాజు సుశీలగారి ఇల్లేరమ్మకథలను మాత్రము ఉన్నవున్నట్లు చదువవచ్చును. చదువుచున్న తల్లికే నవ్వు ఆగదు.

ఇక బిడ్డ తాను చదువుటకు. తెలుగులిపినిగూర్చి తలిదండ్రులు భయపడుదురు. గుణింతములు, ఒత్తులు, సంయుక్తాక్షరములు చూచుటకు అడవివలె నున్నమాట నిజము. కాని ఇంగ్లీషున అక్షరములు వచ్చినను మాటను పలుకుట రాదు. ప్రతిమాటకును వేరు పంచాయతీ. తెలుగున అక్షరము వచ్చెనా, వ్రాసినది వ్రాసినట్లు పలుకవచ్చును. కష్టమంతయు మొదటి ఏడాదిదే. ఆ ఏడాదికి పుటకు రెండుమూడు వాక్యములును, ఒత్తులు తక్కువయు, పెద్ద అక్షరములును గల బొమ్మలపుస్తకములు ఇరువది ముప్పది కావలెను. ఇవి నేడు దొరకుచున్నవి. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయము పేర తెలుగుననుకూడ చిన్నపుస్తకములు తెచ్చినది. సికింద్రాబాదులోని మంచి పుస్తకము వారి ప్రచురణలు చౌకయైనవి, ఎంపిక శ్రద్ధగలది. 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ వారు 2015లో తెరచిన స్టోరీవీవర్ అను అంతర్జాల భాండారమున తెలుగుకథలను ఉచితముగ చదువవచ్చును, అచ్చుతీసికొనవచ్చును. నామట్టుకు అచ్చుతీసి కుట్టి బిడ్డచేతికిచ్చుటయే మేలని తోచును. ఫోనుతెరమీద కథ ప్రక్కనే ఆట పిలుచుచుండును.

ఇక్కడ భాషనుగూర్చి ఒకమాట. నేనీ వేదికమీద పలుకుచున్న భాషను ఆరేండ్ల బిడ్డకు పెట్టకుడు. ఇది సభకు, పత్రికకు కట్టుకొను ఉత్తరీయము. బిడ్డ వినుచున్న తెలుగే వాని మొదటి పుస్తకమున నుండవలెను. ‘అమ్మ వస్తోంది’ అని వినుచున్నవానికి ‘జనని ఏతెంచుచున్నది’ అని వ్రాసిచూపిన, చదువనగా వేరొక దేశపుభాష యని వాడు నిశ్చయించుకొనును. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చిన గొప్ప వచనము. దాని అందము పదుమూడు పదునాలుగేండ్లవానికి తెలియును. ఆరేండ్లకే ఇచ్చి దానిని పాడుచేయరాదు. పద్యముసంగతి వేరు. వేమన, సుమతి, పోతన ప్రహ్లాదచరిత్రములోని సులభమైన పద్యములు అర్థమునకు ముందు నోటికి రావచ్చును. పద్యమునకు తాళమే అర్థములో సగము.

మన కొరత ఎక్కడున్నదనగా నడుమ. బొమ్మలపుస్తకము దాటి, పెద్దనవలను ఇంకను అందుకొనలేని ఎనిమిది మొదలు పదునొకండేండ్లవరకు గల బిడ్డకు తెలుగున నూరుపుటల మంచికథలు చాలవు. ఇంగ్లీషుపుస్తకము పిల్లవానిని ఎత్తుకొనిపోవునది సరిగా ఈ వయసుననే. మన పెద్దలు ఈ నడిమిమెట్టును నెలపత్రికలతో కట్టిరి. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ను, 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ‘చందమామ’ను స్థాపించిరి. 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు చందమామను దిద్దితీర్చిరి. కథ ఏ దేశమునుండి వచ్చినను తెలుగుకథవలె వినబడునట్లు తేటమాటలలో నడపిరి. దాసరి సుబ్రహ్మణ్యముగారు తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ మొదలగు ధారావాహికలను అందు వ్రాసిరి. చిత్రాగారు బొమ్మలు వేసిరి. నెలనెలా ఎదురుచూచుచు ఆ కథలను చదివినవారు ఈ సభలోనే అనేకులు కలరు. చదువుటకు వేగము, వాక్యముపై పట్టు వారికి అచ్చట వచ్చినవి, వాచకమున కాదు. చందమామ ఆగి ఇప్పటికి పదేండ్లు దాటినది. ఆ స్థానము ఖాళీగనే యున్నది.

ఎంపికలో నేను చూచునది ఒకటి: ఆ పుస్తకమును పెద్దవాడు విసుగులేక రెండుమారులు పైకి చదువగలడా? చదువలేనిచో బిడ్డకేల? కథచివర ‘కావున పిల్లలారా’ అని తోకతగిలించిన పుస్తకమును నేను దాదాపు ఎల్లప్పుడును ప్రక్కన పెట్టుదును. కుందేలు సింహమును బావిలో పడవేసినపుడు బిడ్డకు కలిగిన సంబరమును ఆ తోక తుడిచివేయును. భారతమును పదునారు పుటలలో కుదించిన రంగుపుస్తకములవలన లాభములేదు. వానిలో పేర్లు మిగులును, మనుష్యులు మిగులరు. తెలుగుమాటలలో ఇంగ్లీషువాక్యము నడచు అనువాదములను చెవియే పట్టియిచ్చును. మంచి అనువాదములు లేకపోలేదు. జపానుదేశపు టోటోచాన్ ‘రైలుబడి’ యను పేర తెలుగైనది. బడికి పోని పిల్లలు బడికథను అంత ఇష్టముతో వినుట చూచి ఆ తల్లి ఆశ్చర్యపడెను. పండ్రెండేండ్లు దాటినవారికి నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారి పచ్చనాకు సాక్షిగా చదివి వినిపింపుడు. చిత్తూరుసీమ పలుకుబడి మన కృష్ణాతీరపు పిల్లలకు మొదట తడబాటు కలిగించును; నాలుగుకథలు పోవునప్పటికి తెలుగు తమ వీధితో ముగియదని తెలిసికొందురు.

ఖర్చుమాట. గిజుభాయి బధేకా గుజరాతీభాషలో వ్రాసిన దివాస్వప్నము తెలుగున ‘పగటికల’యై వచ్చినది. అందలి ఉపాధ్యాయుడు మొదట కొన్నిదినములు కథలు చెప్పుటయే పనిగ పెట్టుకొనును. పిల్లలందరు ఒకే వాచకమును కొనుటకు మారుగ ఆ సొమ్ముతో వేరువేరు పుస్తకములు కొని తరగతికి గ్రంథాలయము కట్టును. ఇంటిచదువు కుటుంబములు నాలుగు కలిసి ఇట్లే చేయవచ్చును. ఇంటికి పది పుస్తకములు కొన్నచో ప్రతిఇంటికి నలువది చేరును. మరియు, ఈ ఊర ఇల్లుగల ప్రతివాడును ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయపన్ను చెల్లించుచున్నాడు. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవమీద కాలువవెంట పల్లెలకు చేర్చిరి. అప్పుడు పన్నులేదు, చందాలే. నేడు పన్ను కట్టుచు, శాఖాగ్రంథాలయమున పిల్లల అలమారకు తాళము వ్రేలాడుచుండగా మనము పత్రిక చదివికొని ఇంటికి పోవుచున్నాము. కొనవలసిన పుస్తకముల పట్టికను పదిమంది తలిదండ్రులు సంతకముచేసి గ్రంథపాలకునకు ఇచ్చినచో త్రోసివేయుట కష్టము.

ఇంటిచదువు పెద్దల ఇష్టమే గాని పిల్లలకు నష్టము కారాదు. గాంధీమహాత్ముడు తన కుమారులను బడికి పంపక తానే చదివించెను. 1910లో ఏర్పడిన టాల్‌స్టాయి క్షేత్రమునను పిల్లలకు పాఠములు చెప్పెను. తమకు చాలినంత చదువు చెప్పింపలేదని కుమారులకు కొరత యుండెనని ఆయనయే ఆత్మకథలో దాచక వ్రాసికొనెను. అంతటివానికే ఆ మాట తప్పలేదు. కావుననే చిట్టా వ్రాయుడని నా కోరిక: ఏ తేదీన ఏ పుస్తకము మొదలైనది, ఎన్నిపుటలవద్ద విడిచితిమి, బిడ్డ ఏమి చెప్పినది. ఆరుమాసములకొకమారు ఆ చిట్టాను తిరుగవేసిన తెలుగు ఎన్నివారములు కనబడలేదో కంటికి తగులును. మా వీధిలోని బాలిక చిట్టాలో మొదటిమాసమున తెలుగున పదునొకండు పుటలు. ఎనిమిదవమాసమున రాకాసిలోయ యంతయు. ఇప్పుడు తమ్మునికి ఆమెయే చదివి వినిపించుచున్నది, ఒత్తులవద్ద కొంచెము గొంతు పెంచి.

కడపట ఒక పని. మన గ్రంథస్వామ్యచట్టము 1957 నాటిది. దానిప్రకారము రచయిత మరణించిన సంవత్సరము ముగిసిన పిమ్మట 60 ఏండ్లవరకు హక్కు ఆయన వారసులది. అంతర్జాలమున దొరకినంతమాత్రమున ఏ పుస్తకమును మనసొమ్ము కాదు. కుటుంబరావుగారి రచనలపై హక్కు 2040 చివరివరకు నిలుచును. చింతా దీక్షితులుగారు 1960లో గతించిరి. కావున 2021 జనవరి 1 నుండి ఆయన రచనలను ఎవరైనను అచ్చువేయవచ్చును. పిల్లలకై లక్కపిడతలు, సూరి సీతి వెంకి వ్రాసినవారాయన. నేను చెప్పిన నడిమిమెట్టునకు పూర్వమే తెలుగున పిల్లలగొంతు పట్టుకొన్న పుస్తకములవి. పాతప్రతులలోని బొమ్మలు వేరొకరివైనచో వానిహక్కు వేరు. అందుచే బొమ్మలు కొత్తగా వేయింపవలెను.

సూరి సీతి వెంకి నకలొకటి ఈ బల్లమీద నున్నది. అక్షరములు తప్పులేక కూర్చుటకు ఇద్దరు, ప్రూఫు దిద్దుటకు ఒకరు, బొమ్మలు వేయుటకు చేతిలో కుంచెయున్నవారెవరైనను కావలెను. రెండువందల ప్రతులకు కాగితపుఖర్చు మా న్యాయవాదులము కొందరము పంచుకొనుటకు ఒప్పుకొంటిమి. పేరు వ్రాయించుకొను పుస్తకము కార్యదర్శిగారివద్ద గలదు. దీపములు ఎనిమిదిన్నరవరకు వెలుగుచుండును.